ఇంట్లోనే పికప్ ట్రక్కుకి బాడీ లిఫ్ట్: ఫోన్ సాయంతో ఎలా చేశాను, ఎక్కడ పొరపాటు పడ్డాను?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాస్తుంటాను కదా, ఈసారి కొంచెం బరువైన గాడ్జెట్ పట్టుకున్నాను. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. నా దగ్గర 2010 మోడల్ టొయోటా టకోమా ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దానికి ఒక వీకెండ్‌లో, మా గ్యారేజీలోనే, నేనూ మా బామ్మర్దీ కలిసి 1 అంగుళం బాడీ లిఫ్ట్ వేశాం. పని అయింది, బండి బాగానే నడుస్తోంది. కాకపోతే మధ్యలో ఒక పొరపాటు చేశాను. ఇంకో రెండు సార్లు జాకీ కొట్టి ఉంటే బ్రేక్ లైన్ మడత పడేది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ ఆర్టికల్.

అసలు బాడీ లిఫ్ట్ అంటే ఏంటి?

పికప్ ట్రక్కుల్లో కింద ఒక ఉక్కు ఫ్రేమ్ ఉంటుంది. మన లారీలకు చాసిస్ ఉంటుంది చూడండి, అలాగే. ఇంజిన్, గేర్ బాక్స్, యాక్సిల్, సస్పెన్షన్, పెట్రోల్ ట్యాంకు అన్నీ ఆ ఫ్రేమ్‌కే బిగించి ఉంటాయి. మనం కూర్చునే క్యాబిన్, వెనక సామాన్లు వేసే బెడ్ దాని మీద విడిగా కూర్చుంటాయి. క్యాబిన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య రబ్బరు మౌంట్లు, వాటిలోంచి పెద్ద బోల్టులు ఉంటాయి.

బాడీ లిఫ్ట్ అంటే ఆ బోల్టులు తీసి, బాడీని కొంచెం పైకి లేపి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం స్పేసర్లు పెట్టి, పొడవాటి బోల్టులతో మళ్లీ బిగించడం. రబ్బరు మౌంట్ తీసేయకూడదు. స్పేసర్ దానితో పాటు ఉండాలి, దాని స్థానంలో కాదు. మార్కెట్లో 1 నుంచి 3 అంగుళాల దాకా కిట్లు దొరుకుతాయి.

సస్పెన్షన్ లిఫ్ట్ వేరు. అందులో స్ప్రింగులు, కమాను పట్టీల దగ్గర మార్పులు చేసి మొత్తం ఫ్రేమ్‌నే పైకి లేపుతారు. బాడీ లిఫ్ట్‌లో ఫ్రేమ్ ఉన్న చోటే ఉంటుంది. కాబట్టి బండి కింద గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్క మిల్లీమీటర్ కూడా పెరగదు. పెరిగేది చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ మాత్రమే. "లిఫ్ట్ వేశాను, ఇక రాళ్ల మీద నుంచి పోతా" అనుకుంటే నిరాశే.

మీకు నిజంగా అవసరమా? ముందు ఈ టెస్ట్ చేయండి

నా బండికి 265/70 ఆర్16 టైర్లు ఉండేవి. వాటి స్థానంలో 265/75 ఆర్16 వేశాను. లెక్క చూద్దాం. పాత టైరు వ్యాసం సుమారు 777 మి.మీ., కొత్తది సుమారు 804 మి.మీ. తేడా 27 మి.మీ., అంటే అంగుళం పైన. అందులో సగం మాత్రమే ఫ్రేమ్‌ని పైకి లేపుతుంది, అంటే సుమారు అర అంగుళం. బాడీ లిఫ్ట్ ఇవ్వని గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో కొంత టైరే ఇచ్చిందన్నమాట.

సమస్య ఏంటంటే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టైరు రాసుకునేది. ఇక్కడ తొందరపడి కిట్ ఆర్డర్ పెట్టకండి. టైరు ఎక్కడ రాసుకుంటోందో ముందు కనిపెట్టాలి. నేను చక్రం వెనక భాగమంతా సుద్దముక్కతో పూసి, పార్కింగ్ లాట్‌లో ఫుల్ లాక్‌లో రెండు రౌండ్లు తిప్పి, తర్వాత ఫోన్ టార్చ్ వేసి ఫొటోలు తీశాను. సుద్ద చెరిగిన చోటే టైరు తగిలినట్టు.

చెరిగింది ఫెండర్ లోపలి ప్లాస్టిక్ దగ్గరైతే అది బాడీ భాగం, బాడీ లిఫ్ట్‌తో పైకి పోతుంది. చెరిగింది క్యాబ్ మౌంట్ బ్రాకెట్ దగ్గరైతే మాత్రం అది ఫ్రేమ్‌కి వెల్డ్ చేసిన ముక్క. బాడీని మూడు అంగుళాలు లేపినా అది అక్కడే ఉంటుంది, టైరు రాసుకుంటూనే ఉంటుంది. ఈ ఒక్క టెస్ట్ చేయకుండా కిట్ కొని, అంతా బిగించాక తల పట్టుకునేవాళ్లు ఉంటారు. నాకు ఫెండర్ దగ్గరే చెరిగింది కాబట్టి ముందుకెళ్లాను.

నేను వాడిన గాడ్జెట్లు, సామాన్లు

* ఫోన్: ఫొటోలు, వీడియో, లెవెల్ యాప్, జీపీఎస్ స్పీడ్ యాప్
* వైఫై ఎండోస్కోప్ కెమెరా: సన్నటి వైరు చివర చిన్న కెమెరా. చెయ్యి పోని సందుల్లోకి పంపి పాత ఫోన్‌లో చూశాం
* డిజిటల్ కాలిపర్: స్పేసర్ల మందం, గ్యాప్ కొలవడానికి
* డిజిటల్ టార్క్ అడాప్టర్: బోల్టు ఎంత గట్టిగా బిగిసిందో అంకెల్లో చూపిస్తుంది
* ఓబీడీ బ్లూటూత్ డాంగిల్: ఇంజిన్ ఉష్ణోగ్రత, ఎర్రర్ కోడ్‌లు చూడటానికి
* ఫ్లోర్ జాకీ, గట్టి చెక్క దిమ్మలు, పొడవాటి హ్యాండిల్ ఉన్న రాట్చెట్, సాకెట్లు, తుప్పు వదిలించే స్ప్రే

కిట్ రాగానే కాలిపర్‌తో ప్రతి స్పేసర్ కొలిచాను. అంగుళం అంటే 25.4 మి.మీ. నాకు వచ్చినవి 25.2 నుంచి 25.6 మధ్య ఉన్నాయి, పర్లేదు. ఒకటి బాగా తేడాగా ఉంటే బాడీ వంకరగా కూర్చుంటుంది, అలాంటిది వాపస్ పంపేయండి. ఎత్తు చాలలేదని రెండు స్పేసర్లు ఒకదాని మీద ఒకటి పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ముందు రోజు: ఫ్రేమ్‌ని, బాడీని కలిపేవన్నీ వెతకాలి

ఈ పనిలో బోల్టులు తీసి పెట్టడం సులువైన భాగం. ఫ్రేమ్ నుంచి బాడీకి వెళ్లే ప్రతి పైపు, వైరు, కేబుల్ బాడీతో పాటు సాగాలి. సాగలేనిది తెగుతుంది. కాబట్టి ముందే జాబితా రాసుకోవాలి. నాది ఇదీ:

1. స్టీరింగ్ షాఫ్ట్. స్టీరింగ్ వీల్ బాడీలో ఉంటుంది, ర్యాక్ ఫ్రేమ్ మీద ఉంటుంది. నా కిట్ సూచనల ప్రకారం 1 అంగుళానికి షాఫ్ట్ లోపల జారే జాయింటే సరిపోతుంది. 2, 3 అంగుళాల కిట్లలో ఎక్స్‌టెన్షన్ ముక్క వేయాల్సి వస్తుంది. షాఫ్ట్ విడదీయాల్సి వస్తే స్టీరింగ్ వీల్‌ని తిన్నగా కట్టేయాలి. అది ఇష్టం వచ్చినట్టు తిరిగితే ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే క్లాక్ స్ప్రింగ్ తెగుతుంది.
2. బ్రేక్ లైన్లు. మాస్టర్ సిలిండర్ బాడీకి ఉంటుంది, లైన్లు ఫ్రేమ్ మీదుగా చక్రాలకు వెళ్తాయి.
3. రేడియేటర్, ఫ్యాన్. రేడియేటర్ బాడీతో పైకి పోతుంది. ఇంజిన్‌కి ఉన్న ఫ్యాన్ అక్కడే ఉంటుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం పైకి జరిగి, కింది అంచు రెక్కలకు తగలొచ్చు.
4. పెట్రోల్ పోసే గొట్టం. మూత బెడ్‌కి, ట్యాంకు ఫ్రేమ్‌కి. బెడ్ లేపే ముందు మూత దగ్గర స్క్రూలు తీయాలి.
5. గ్రౌండ్ వైర్లు, వెనక లైట్ల వైరింగ్, హ్యాండ్ బ్రేక్ కేబుల్, హీటర్ గొట్టాలు, ఏసీ పైపులు.
6. గేర్ లీవర్ నేరుగా గేర్ బాక్సులోంచి పైకి వచ్చే మాన్యువల్ బండ్లలో, లీవర్ ఫ్లోర్ రంధ్రానికి తగలకుండా ఉందా అన్నది.

ఒక్కోటీ ఫొటో తీసి, ఫోన్‌లో ఒక ఆల్బమ్ చేసుకున్నాను. మొత్తం 41 ఫొటోలు. స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్ మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో గీత పెట్టాను, ఎంత జారిందో తెలియడానికి. బోల్టులకు రెండు రోజుల ముందే స్ప్రే కొట్టి నానబెట్టాను. తుప్పు పట్టిన బోల్టుని బలవంతంగా తిప్పితే లోపల బాడీకి అతికించిన నట్టు ఊడి, బోల్టుతో పాటు గిరగిరా తిరుగుతుంది. అప్పుడు క్యాబిన్ లోపల కార్పెట్ ఎత్తి, కొన్నిసార్లు రేకు కోసి చూడాల్సి వస్తుంది.

ఆ రాత్రి ఖమ్మంలో ఉన్న నాన్నకి వీడియో కాల్ చేసి ఇదంతా చూపించాను. నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఫొటోలు, యాప్‌లు అన్నీ విని ఒక్క మాటన్నారు: "జాకీని నమ్మకు నాన్నా. అది ఎత్తేదే గానీ మోసేది కాదు. ఎంత లేపితే అంత దిమ్మ పెట్టుకుంటూ పో. మధ్యలో వేలు మాత్రం పెట్టకు."

శనివారం పొద్దున: ఎడమ వైపు

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీశాం. చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాం. ఈ పనిలో బండి తన చక్రాల మీదే ఉంటుంది, బాడీ ఒక్కటే లేస్తుంది. ఒకేసారి రెండు వైపులా బోల్టులు తీయకూడదు. ఎడమ వైపు బోల్టులు పూర్తిగా తీసి, కుడి వైపువి వదులు చేసి, కొన్ని చుట్లు పట్టుకునేలా ఉంచాం.

జాకీ నేరుగా ఫ్లోర్ రేకు కింద పెడితే రేకు సొట్ట పోతుంది. మౌంట్ పక్కన గట్టిగా ఉన్న చోట చూసి, మధ్యలో వెడల్పాటి చెక్క వేసి లేపాలి. లేచిన కొద్దీ ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య చెక్క దిమ్మలు పెట్టుకుంటూ వచ్చాం, నాన్న చెప్పినట్టే.

ఎండోస్కోప్ కెమెరాని ఇంజిన్ బేలో బ్రేక్ లైన్ల వైపు తిప్పి టేప్‌తో అంటించాను. బామ్మర్ది పాత ఫోన్‌లో దాన్ని చూస్తున్నాడు. నేను జాకీ కొడుతున్నాను. మొదటి మౌంట్‌లో స్పేసర్ ఇంకా దూరట్లేదు, కొంచెమే తక్కువుంది. ఇంకో రెండు స్ట్రోకులు చాలనుకున్నాను.

"బావా, ఆగు ఆగు! ఆ సన్న పైపు విల్లులా వంగుతోంది!"

ఆపాను. "అంగుళానికి సరిపోతుందని నిన్న చూశాం కదరా" అన్నాను.

"అంగుళం ఎప్పుడో దాటింది బావా, కొలిచి చూడు."

కాలిపర్ పెట్టి చూస్తే బాడీ 34 మి.మీ. లేచి ఉంది! నా పొరపాటు ఇక్కడే. స్పేసర్ మందం 25.4 మి.మీ. కాబట్టి బాడీ అంతే లేస్తుందని లెక్క వేసుకున్నాను. కానీ స్పేసర్ దూర్చాలంటే దాని కన్నా ఎక్కువ ఖాళీ కావాలి. పైగా బరువు తీసేసరికి ఇన్నాళ్లూ నొక్కుకుపోయి ఉన్న రబ్బరు మౌంట్ ఉబ్బుతుంది, ఆ ఖాళీలో కొంత అదే తినేస్తుంది. అంటే 1 అంగుళం లిఫ్ట్‌కి కూడా పని జరిగేటప్పుడు బాడీ అంగుళంన్నర దాకా లేస్తుంది. పైపులు, వైర్లు తట్టుకోవాల్సింది ఆ అంగుళంన్నరని.

జాకీ నెమ్మదిగా దించాం. పైపు మళ్లీ తిన్నగా అయింది. ఎక్కడ పట్టేసిందో చూస్తే, బ్రేక్ బూస్టర్ వెనక ఒక చిన్న బ్రాకెట్ ఆ లైన్‌ని బాడీకి పట్టి ఉంచింది. దానికి జానెడు కింద ఇంకో క్లిప్ అదే లైన్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచింది. రెండింటి మధ్య పైపు సాగడానికి చోటు లేదు. నా 41 ఫొటోల్లో ఆ బ్రాకెట్ లేదు. ఎందుకంటే అన్నీ పైనుంచి తీసినవే, బూస్టర్ అడ్డం ఉంది.

ఇంకో రెండు స్ట్రోకులు కొట్టి ఉంటే పైపు మడత పడేది. ఆ రోజుకి లీక్ కూడా కనిపించకపోవచ్చు. తర్వాతెప్పుడో, పిల్లలు వెనక సీట్లో ఉన్నప్పుడు, హైవే దిగి సిగ్నల్ దగ్గర బ్రేక్ నొక్కితే అప్పుడు తెలిసేది. ఆ ఆలోచన రాగానే ఇద్దరం పని ఆపి కాసేపు గ్యారేజీ బయట కూర్చున్నాం.

తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం, ఈసారి ఫొటోలతో కాదు. జాబితాలో ఉన్న ప్రతి పైపుని, ప్రతి వైరుని ఒక చివర నుంచి రెండో చివర దాకా చేత్తో తడుముకుంటూ వెళ్లాం. చెయ్యి పోని చోట ఎండోస్కోప్. అలా ఒక గ్రౌండ్ వైరు, ఫైర్‌వాల్ దగ్గర వైరింగ్‌ని పట్టిన ఒక క్లిప్ కూడా బయటపడ్డాయి. ఫ్యాన్ కవచం బోల్టులు కూడా తీసి వదులుగా ఉంచాం. బ్రాకెట్ విప్పాక బాడీ హాయిగా లేచింది. స్పేసర్లను వేళ్లతో కాకుండా పొడవాటి ప్లయర్‌తో దూర్చాం.

కుడి వైపు, బెడ్, బిగింపు

ఎడమ వైపు కొత్త బోల్టులు చేత్తో నాలుగైదు చుట్లు పట్టించి, కుడి వైపు అదే వరసలో చేశాం. ఏ బోల్టు ఎక్కడిదో కిట్‌లో గుర్తులుంటాయి, పొడవుల్లో తేడా ఉండొచ్చు, కలపకండి. తర్వాత బెడ్. దాన్ని కూడా అంతే ఎత్తు లేపకపోతే క్యాబిన్ గీత, బెడ్ గీత కలవవు.

అన్ని బోల్టులూ పట్టాకే గట్టిగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలుపెడితే బాడీ ఒక పక్కకి జరిగిపోతుంది. టార్క్ ఎంత అన్నది కిట్ సూచనల్లోనో, బండి సర్వీస్ మాన్యువల్‌లోనో చూసి అంతే పెట్టండి. "ఇంకొంచెం గట్టిగా ఉంటే మంచిదేగా" అనుకుంటే రబ్బరు నలిగిపోతుంది, లేదా లోపలి నట్టు ఊడుతుంది. విప్పిన బ్రాకెట్లు, క్లిప్పులు, గ్రౌండ్ వైర్లు ఒక్కోటీ తిరిగి పెట్టి, జాబితాలో టిక్ కొట్టాం. బ్రేక్ లైన్ బ్రాకెట్‌ని లైన్ మీద ఒత్తిడి లేని చోటుకి జరిపి బిగించాం.

స్టార్ట్ చేసే ముందు, తర్వాత చేసిన చెకింగ్‌లు

1. ఇంజిన్ ఆపి ఉండగా ఫ్యాన్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పాను. కవచానికి ఎక్కడా తగలట్లేదని చూశాకే తాళం తిప్పాను.
2. స్టీరింగ్ రెండు వైపులా ఫుల్‌గా తిప్పి, పెయింట్ గీత దగ్గర షాఫ్ట్ ఇంకా తగినంత లోపలే ఉందని చూశాను.
3. ఇంజిన్ ఆన్‌లో బ్రేక్ పెడల్‌ని గట్టిగా నిమిషం పాటు నొక్కి ఉంచాను. పెడల్ కిందికి జారలేదు. లైన్ జాయింట్లన్నీ తెల్ల టిష్యూతో తుడిచాను, తడి లేదు. తర్వాత వారం రోజులు రోజూ ఇదే చేశాను.
4. ఓబీడీ డాంగిల్‌లో ఇంజిన్ ఉష్ణోగ్రత లిఫ్ట్‌కి ముందు ఎంతుందో తర్వాతా అంతే. ఎర్రర్ కోడ్‌లు లేవు.
5. హెడ్‌లైట్లు ఎత్తు పెరిగాయి కాబట్టి 25 అడుగుల దూరంలో గోడ మీద వెలుగు చూసి, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా సర్దాను. టెక్సాస్ చట్టం ప్రకారం హెడ్‌ల్యాంప్ నేల నుంచి 24, 54 అంగుళాల మధ్య ఉండాలి. నాది అందులోనే ఉంది. లిఫ్ట్ నిబంధనలు ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి.
6. స్పీడోమీటర్. బాడీ లిఫ్ట్ దాన్ని మార్చదు, టైరు మారుస్తుంది. లెక్క ప్రకారం తేడా సుమారు 3.4 శాతం. నా బండిలో ఇంతకు ముందు మీటర్ 60 చూపిస్తే జీపీఎస్ 59 చూపించేది, ఇప్పుడు 61 చూపిస్తోంది.
7. 100 మైళ్ల తర్వాత, మళ్లీ 500 మైళ్ల తర్వాత అన్ని బోల్టుల టార్క్ చూశాను. మొదటిసారి రెండు బోల్టులు కొంచెం తిరిగాయి. ఈ స్టెప్ మానేయకండి.

కొత్త ట్రక్కులు ఉన్నవాళ్లకి ఒక మాట. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్‌తో పనిచేసే సేఫ్టీ ఫీచర్లు ఉంటే, ఎత్తు మారాక వాటికి క్యాలిబ్రేషన్ అవసరం కావచ్చు. నా పాత బండిలో ఆ గొడవ లేదు.

ఇండియాలో చేయొచ్చా?

హైలక్స్, వి-క్రాస్ లాంటి పికప్‌లు ఉన్న మన హైదరాబాద్, విజయవాడ ఫ్రెండ్స్ తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఇక్కడ చూసి అక్కడ చేయకండి. ముందు ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి. ఇక్కడ కూడా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం మంచిది, నేను చెప్పాను.

ప్లస్‌లు

* టైరు ఫెండర్‌కి రాసుకోవడం పూర్తిగా ఆగింది
* సస్పెన్షన్ ముట్టుకోలేదు కాబట్టి బండి నడక మారలేదు
* సస్పెన్షన్ లిఫ్ట్‌తో పోలిస్తే ఖర్చు తక్కువ

మైనస్‌లు

* గ్రౌండ్ క్లియరెన్స్ పెరగదు
* చక్రాల దగ్గర ఫ్రేమ్ కనిపిస్తుంది, వెనక బంపర్ పైన గ్యాప్ తెలుస్తుంది
* ఒక్కరే చేసే పని కాదు, కనీసం ఇద్దరుండాలి

నా తీర్పు

మీ టైరు ఫెండర్‌కే రాసుకుంటుంటే, బండి తుప్పు లేకుండా ఉంటే, 1 అంగుళం లిఫ్ట్ ఇంట్లో చేసుకోవచ్చు. రెండు పూర్తి రోజులు కేటాయించండి. 2, 3 అంగుళాలైతే స్టీరింగ్, బ్రేకుల పని పెరుగుతుంది, అనుభవం ఉన్న మెకానిక్‌కి ఇవ్వడమే మేలు.

ఇక గాడ్జెట్ల సంగతి. ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఎండోస్కోప్ కెమెరానే, దానికి ఫుల్ మార్కులు. కానీ ముందు రోజు అంతా చూసేశామన్న నమ్మకం ఇచ్చి నన్ను మోసం చేసింది కూడా ఫోన్ ఫొటోలే. ఫొటోలో పడేది మనం చూసిందే. చూడనిది అందులో ఉండదు. అందుకే జాకీ హ్యాండిల్ పట్టుకునే ముందు ప్రతి లైన్‌నీ చేత్తో తడిమి చూడండి, స్పేసర్ మందానికి ఇంకో అర అంగుళం కలిపి లెక్క వేయండి.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. బ్రేక్ లైన్ మాట వినగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికి మంచి భోజనం పెట్టించు" అన్నారు. పెట్టించాను.